సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో పేగు అడ్డుపడితే: పీఈజీయా, గాస్ట్రోగ్రాఫినా, ఎనిమానా, ఆపరేషనా?

మూడు రోజులపాటు మేం దాన్ని మలబద్ధకం అనే అనుకున్నాం. మా తమ్ముడికి సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉంది, అంటే ఒంట్లోని జిగురు చిక్కబడిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో అందరి ధ్యాసా వాడి ఊపిరితిత్తుల మీదే. కఫం, నెబ్యులైజర్, ఫిజియోథెరపీ, ఇదే లోకం. కడుపునొప్పి అంటే ఎవరికీ పెద్ద కంగారు ఉండేది కాదు. మొదటి రోజు బొడ్డుకి కుడివైపు కింద పోటు వస్తోందన్నాడు. రెండో రోజు నేనే పీచు పొడి నీళ్లలో కలిపి తాగించాను. మూడో రోజు తెల్లవారుజామున పసరు వాంతి అయింది.

హాస్పిటల్లో డాక్టర్ వాడి పొట్ట మీద కుడివైపు కింద వేళ్లతో మెల్లగా నొక్కి చూశారు. "ఇక్కడ మీరూ చెయ్యి పెట్టి చూడండమ్మా" అన్నారు. తడి బంకమట్టి ముద్దని గుడ్డలో మూటగట్టి లోపల పెట్టినట్టు చేతికి తగిలింది. మలబద్ధకం కాదని, పేగు అడ్డుపడిందని, దాన్ని డీఐఓఎస్ (డిస్టల్ ఇంటెస్టినల్ అబ్‌స్ట్రక్షన్ సిండ్రోమ్, అంటే చిన్నపేగు చివర పడే అడ్డు) అంటారని అప్పుడే మొదటిసారి విన్నాం.

ఆ తర్వాత అరగంటలో మా ముందు నాలుగైదు దారుల పేర్లు వినిపించాయి. ఒకరు పీఈజీ అన్నారు, ఒకరు గాస్ట్రోగ్రాఫిన్ అన్నారు, సర్జన్‌కి కూడా చెప్పి ఉంచుదామన్నారు ఇంకొకరు. వాటిలో ఏది ఎందుకో, ఏది ఎప్పుడు వద్దో మాకు ఒక్క ముక్క తెలియదు. ఆ రోజు నా చేతిలో ఏ కాగితం ఉంటే బాగుండేదో అదే ఇప్పుడు రాస్తున్నాను. చికిత్స నిర్ణయించేది డాక్టర్లే. కానీ పక్కన కూర్చున్నవాళ్లకి ఏం అడగాలో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇది మామూలు అడ్డు కాదు, ఎందుకని?

సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో పాడయ్యేది సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్. పేగు గోడలోని కణాల నుంచి క్లోరైడ్, బైకార్బొనేట్ బయటికి వచ్చేది దీని గుండానే. అవి వస్తే వాటి వెంట నీరు వస్తుంది, పేగు లోపల తడిగా ఉంటుంది. ఆ ప్రొటీన్ పనిచేయకపోతే పేగులోని జిగురు పలచబడదు, బంకలా గోడకి పట్టుకుంటుంది. దీనికి తోడు చాలామందిలో క్లోమం నుంచి ఎంజైములు రావు. తిన్న కొవ్వు సరిగా అరగకుండానే చిన్నపేగు చివరిదాకా వచ్చేస్తుంది. చిన్నపేగు పెద్దపేగులో కలిసే మలుపు దగ్గర ఈ రెండూ కలిసి ముద్ద కడతాయి. ఆ మలుపు ఉండేది కుడివైపు కింద, అపెండిక్స్ పక్కనే.

ఇందులో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, అడ్డు పెద్దపేగు చివర కాదు, మొదట్లో ఉంది. కాబట్టి కింద నుంచి ఇచ్చే చిన్న ఎనిమాకి అది అందదు. రెండోది, అది ఎండిపోయిన గట్టి మలం కాదు, గోడకి అతుక్కున్న బంక. పేగుని గట్టిగా పిండే మందు ఇస్తే అది ఊడి రాదు, నొప్పి మాత్రం పెరుగుతుంది. దానికి కావలసింది నీళ్లు. కింద చెప్పే మందులన్నీ దాదాపు ఒకే పని చేస్తాయి: ఆ ముద్ద దగ్గరికి నీటిని చేర్చడం. తేడా అంతా ఏ వైపు నుంచి, ఎంత జోరుగా, ఏ ప్రమాదంతో అన్నదే.

పుట్టగానే వచ్చే మెకోనియం ఇలియస్ (పసికందు మొదటి మలం బంకలా పేగుకి అడ్డుపడటం) కూడా ఇలాంటిదే. సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో పుట్టిన పిల్లల్లో 100కి 15 నుంచి 20 మందికి అది వస్తుంది. ఆ పోలిక వల్లే పెద్దయ్యాక వచ్చే అడ్డుని కూడా ఒకప్పుడు మెకోనియం ఇలియస్ ఈక్వివలెంట్ అనేవారు. పాత ఫైళ్లలో ఆ పేరు కనిపిస్తే అది ఇదే. పుట్టినప్పుడు మెకోనియం ఇలియస్ వచ్చినవాళ్లకి, ఒకసారి డీఐఓఎస్ వచ్చినవాళ్లకి, క్లోమం పనిచేయనివాళ్లకి, ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవాళ్లకి ముప్పు ఎక్కువ. పిల్లల కంటే పెద్దవాళ్లలోనే ఎక్కువ చూస్తారు.

ముందు తేల్చుకోవాల్సినవి

మందు పేరు కంటే ముందు కింది ప్రశ్నలకి జవాబు కావాలి. మొదటి రెండూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

- దారి పూర్తిగా మూసుకుపోయిందా, కొంచెమైనా తెరిచి ఉందా? పసరు వాంతి గానీ, ఎక్స్‌రేలో చిన్నపేగు నిండా గాలి–నీటి మట్టాలు (నిలిచిన నీరు, దానిపైన గాలి) గానీ కనిపిస్తే పూర్తిగా మూసుకున్నట్టు.
- ఒంట్లో నీళ్లు ఎంత ఉన్నాయి? నాలుక ఎండటం, మూత్రం తగ్గటం, నిలబడితే కళ్లు తిరగటం ఉంటే ముందు సెలైన్, ఆ తర్వాతే మందు.
- లీటర్ల కొద్దీ తాగే ఓపిక, తాగింది నిలిచే పరిస్థితి ఉన్నాయా?
- వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎంత? అసలే దెబ్బతిన్న ఊపిరితిత్తులకి ఇది చిన్న విషయం కాదు.
- ఇంతకుముందు పొట్ట ఆపరేషన్ అయిందా? అయితే లోపల అతుకులు పడి పేగు మెలిక తిరిగి ఉండవచ్చు. దాన్ని ఏ మందూ కరిగించలేదు.
- షుగర్, కిడ్నీ సమస్య, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు, థైరాయిడ్, అయోడిన్ మందు పడకపోవటం లాంటివి ఉన్నాయా?

అసలు ఇది డీఐఓఎస్సేనా?

మేం తప్పటడుగు వేసింది ఇక్కడే. ఇందుకోసం యూరప్ నిపుణుల బృందం ఒక నిర్వచనం తయారు చేసింది. దాన్ని ఇంటి భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

| గమనించేది | మలబద్ధకం | అసంపూర్ణ డీఐఓఎస్ | పూర్తి డీఐఓఎస్ |
|---|---|---|---|
| ఎలా మొదలవుతుంది | వారాలు, నెలలుగా మెల్లగా | కొద్ది రోజుల్లోనే | కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి ఇంకా త్వరగా |
| మలం ఎక్కడ పేరుకుంది | పెద్దపేగు పొడుగునా | కుడివైపు కింద ముద్దలా | కుడివైపు కింద ముద్దలా |
| నొప్పి, ఉబ్బరం | ఉండొచ్చు, వస్తూ పోతూ | ఉంటుంది | ఉంటుంది, తీవ్రంగా |
| పసరు వాంతి | ఉండదు | ఉండదు | సాధారణంగా ఉంటుంది |
| ఎక్స్‌రేలో గాలి–నీటి మట్టాలు | లేవు | లేవు | ఉంటాయి |
| ఎక్కడ చూడాలి | డాక్టర్ సలహాతో ఇంట్లో | డాక్టర్ చూశాకే నిర్ణయం | హాస్పిటల్లోనే |

ఒక మెలిక ఉంది. "పొద్దున మోషన్ అయిందిగా, ఇంక అడ్డేమిటి?" అనుకోవద్దు. అసంపూర్ణ అడ్డులో ముద్ద పక్క నుంచి పలచని మలం జారుతూనే ఉండొచ్చు. మా తమ్ముడికి రెండో రోజు కూడా మోషన్ అయింది. అది చూసే మేం హాస్పిటల్‌కి వెళ్లకుండా ఇంకో రోజు ఆగాం.

కుడివైపు నొప్పి అనగానే అపెండిక్స్ గుర్తొస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లలో అపెండిక్స్ జిగురుతో ఉబ్బి ఉండటం మామూలే. కాబట్టి స్కాన్‌లో అది లావుగా కనిపించినంత మాత్రాన వాచిందని చెప్పలేం, నిజంగా వాచితే కనిపెట్టటమూ కష్టమే. పేగులో పేగు దూరుకోవటం కూడా వీళ్లలో మామూలు జనం కంటే ఎక్కువ. జ్వరం, నెత్తురు పడటం, పొట్ట చెక్కలా బిగుసుకోవటం ఉంటే డీఐఓఎస్ అని తీర్మానించి మందు మొదలుపెట్టే ముందు స్కాన్ తప్పనిసరి. "ఇది డీఐఓఎస్ అని దేన్ని బట్టి అనుకుంటున్నారు? అపెండిక్స్, అతుకులు కావని చూశారా?" అని అడగటానికి మొహమాటపడొద్దు.

ఇక దారులు ఒక్కొక్కటీ చూద్దాం. అన్నిటికంటే ముందు ఒక మాట. ఈ చికిత్సల్లో ఏది మేలో తేల్చిన పెద్ద పరీక్షలు దాదాపు లేవు. ఒక సెంటర్ పీఈజీతో మొదలుపెడితే ఇంకో సెంటర్ గాస్ట్రోగ్రాఫిన్‌తో మొదలుపెడుతుంది. అంతమాత్రాన ఒకరు తప్పు చేస్తున్నారని కాదు. చేతికి అలవాటైన దారిలో ఎవరైనా జాగ్రత్తగా నడుస్తారు.

పీఈజీ: నీళ్లతో పైనుంచి కడగటం

పీఈజీ అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్. నీళ్లలో కలిపే తెల్లటి పొడి. ఒంట్లోకి దాదాపు ఇంకదు. తాగిన నీటిని తనతో పట్టుకుని పేగులోనే ఉంచుతుంది, ఆ నీరు ముద్ద దాకా చేరి దాన్ని నానబెడుతుంది. కొలనోస్కోపీకి (కింద నుంచి కెమెరా గొట్టంతో పెద్దపేగు చూడటం) ముందు పేగు శుభ్రం చేయటానికి ఇచ్చేదీ ఇదే. కడగటానికి వాడే రకంలో లవణాలు కూడా కలిపి ఉంటాయి. అందుకే లీటర్ల కొద్దీ తాగినా ఒంట్లో సోడియం, పొటాషియం పెద్దగా అటూ ఇటూ కావు. ఇతర దారులతో పోలిస్తే దీని పెద్ద బలం అదే.

బలహీనత ఆ పరిమాణమే. మార్గదర్శకాల్లో ఉన్న లెక్క: కిలో బరువుకి గంటకి 20 నుంచి 40 మి.లీ., ఎంత బరువున్నా గంటకి 1 లీటరు మించకుండా, సుమారు 8 గంటలపాటు. 40 కిలోల మనిషికి తక్కువ లెక్కలో చూసినా గంటకి 800 మి.లీ. అవుతుంది. చెప్పటం తేలికే, తాగేవాడికి తెలుస్తుంది దాని సంగతి.

మా తమ్ముడికి రెండోసారి అడ్డుపడినప్పుడు అది అసంపూర్ణమే. వాంతి లేదు. ఆ సారి పీఈజీ ఇచ్చారు. మొదటి రెండు గ్లాసులు గడగడా తాగేశాడు. మూడో గ్లాసుకి మొహం మాడింది. "అక్కా, ఉప్పు కలిపిన సబ్బునీళ్లలా ఉంది" అన్నాడు. చల్లగా చేసి స్ట్రా పెట్టి ఇస్తే ఇంకొంచెం తాగాడు. నాలుగో గంటలో ఇక వల్ల కాలేదు. నర్సు ముక్కు ద్వారా సన్నటి గొట్టం వేసి మిగతాది దాని గుండా పంపారు. గొట్టం వేసేటప్పుడు బాగా ఏడిపించింది గానీ, ఆ తర్వాత వాడే "ముందే వేయాల్సింది" అన్నాడు. మొదట ముద్దలుగా, తర్వాత గోధుమరంగు నీళ్లలా, చివరికి లేత పసుపు రంగులో అడుగు కనిపించేంత తేటగా పడింది. అలా తేటగా పడటం, నొప్పి పోవటం, చేతికి ముద్ద తగలకపోవటం, ఈ మూడూ అయితేనే పని అయినట్టు. నాలుగైదు మోషన్లు కాగానే ఆపేస్తే సగం ముద్ద లోపలే ఉండిపోతుంది.

పూర్తిగా మూసుకుపోయి పసరు వాంతులు అవుతుంటే మాత్రం పీఈజీ పైనుంచి పోయకూడదు. దారి లేని చోట నీళ్లు పోస్తే అవి వెనక్కే వస్తాయి, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది.

గాస్ట్రోగ్రాఫిన్: తక్కువ పరిమాణం, ఎక్కువ జోరు

ఇది నిజానికి ఎక్స్‌రే కోసం తయారైన అయోడిన్ మందు. పలచన చేయకపోతే దీని గాఢత రక్తం కంటే ఆరు రెట్లకి పైనే ఉంటుంది. అంత గాఢమైనది పేగులోకి దిగితే చుట్టుపక్కల ఒంట్లోని నీటిని లాక్కుంటుంది. బయటి నుంచి లీటర్లు తాగక్కర్లేదు, ఒంటి నీళ్లే వచ్చి ముద్దని నానబెడతాయి. అందులో కలిపే తడిపే పదార్థం కూడా జిగురు జారటానికి కొంత సాయపడుతుంది.

వాడుకలో ఉన్న మోతాదు ఇది: పెద్దపిల్లలకి, పెద్దవాళ్లకి 100 మి.లీ. మందు 400 మి.లీ. నీళ్లలో గానీ జ్యూస్‌లో గానీ, ఆరేళ్ల లోపు పిల్లలకి 50 మి.లీ. మందు 200 మి.లీ.లో. పని జరుగుతుంటే తర్వాతి రోజుల్లో సగం మోతాదు ఇస్తారు. అర లీటరుతో పని అవుతుంది కాబట్టి తాగలేనివాళ్లకి ఇది వరం. సోంపులాంటి వాసన వెనక చేదు దాగి ఉంటుంది, కానీ ఒక గ్లాసు కాబట్టి ముక్కు మూసుకుని తాగేయొచ్చు. ఇంకో లాభం, అది ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. మందు ఎంతవరకు దిగిందో, అడ్డు దాటిందో లేదో తర్వాతి ఫిల్మ్‌లోనే తెలిసిపోతుంది.

ప్రమాదం కూడా ఆ జోరులోనే ఉంది. ముందే ఎండిపోయి ఉన్న ఒంట్లోంచి ఇంకా నీరు లాగితే బీపీ పడిపోవచ్చు, కిడ్నీల మీద భారం పడొచ్చు. అందుకే చేతికి సెలైన్ ఎక్కుతుండగానే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఇంటికి సీసా ఇచ్చి పంపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఒకసారి డీఐఓఎస్ చూసి, ఒంటి నీళ్ల లెక్క తెలిసిన పెద్దవాళ్ల విషయంలో ఒప్పుకుంటాను గానీ, చిన్నపిల్లల విషయంలో నాకు మనసొప్పదు. పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడ కూడా నీటిని లాగుతుంది, ఊపిరి అందదు. వాంతులు అవుతున్నప్పుడు పీఈజీ ఎంత వద్దో ఇది అంతకంటే ఎక్కువ వద్దు. అయోడిన్ మందు పడనివాళ్లు, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

కింద నుంచి: ఎక్స్‌రే చూస్తూ ఇచ్చే ఎనిమా

పై దారి మూసుకుపోయి, వాంతులు అవుతుంటే కింద నుంచి వెళ్లాలి. మా మొదటిసారి జరిగింది ఇదే. ముందు ముక్కు గొట్టం వేసి పొట్టలో నిలిచిన పసరంతా బయటికి తీశారు. సెలైన్ పెట్టారు. కొన్ని గంటల తర్వాత రేడియాలజీ గదిలో పలచన చేసిన గాస్ట్రోగ్రాఫిన్‌ని కింద నుంచి మెల్లగా ఎక్కిస్తూ తెరమీద చూశారు. తెల్లటి చార పెద్దపేగు పొడుగునా పాకి, కుడివైపుకి తిరిగి, ఒక చోట ఆగింది. కాసేపటికి ఆ ముద్ద పక్క నుంచి సన్నగా దారి చేసుకుని చిన్నపేగు చివరలోకి దూరింది. "వెళ్లింది" అన్నారు రేడియాలజిస్ట్. నేను గాజు అవతల నిలబడి చూస్తున్నాను.

మందు అంత దూరం చేరటమే ఇక్కడ అసలు కష్టం. మందుల షాపులో దొరికే చిన్న ఫాస్ఫేట్ ఎనిమాకీ దీనికీ పోలికే లేదు. అది పెద్దపేగు చివరి భాగం దాటదు. చేయి తిరిగిన రేడియాలజిస్ట్ ఉండాలి, పక్కనే సర్జన్ అందుబాటులో ఉండాలి, ఎందుకంటే పేగుకి రంధ్రం పడే ప్రమాదం తక్కువైనా ఉంది. మీరున్న హాస్పిటల్లో ఇది చేసే అలవాటు లేదంటే, వేరే చోటికి పంపమని అడగటానికి సరైన సమయం అదే.

మిగతావి క్లుప్తంగా

ఎన్-అసిటైల్‌సిస్టీన్ జిగురులోని బంధాలు తెంచే మందు, ఊపిరితిత్తుల కఫానికి వాడేదే. ఒకప్పుడు దీన్ని తాగించేవారు, ఎనిమాలోనూ కలిపేవారు. కుళ్లిన గుడ్డు వాసన. ఇప్పుడు మొదటి వరసలో లేదు, ఉండాల్సిన అవసరమూ కనిపించదు.

కొలనోస్కోపీతో అంధనాళం (పెద్దపేగు మొదటి భాగం) దాకా వెళ్లి మందుని నేరుగా ముద్ద మీద చల్లటం కొన్ని పెద్ద సెంటర్లలో చేస్తారు. ఎనిమా ఫలించక, ఆపరేషన్ వద్దనుకున్నప్పుడు మధ్యలో ఉన్న మెట్టు ఇది.

ఆపరేషన్ ఆఖరి మాట. పేగు తెరిచి ముద్దని పిండి కడిగేస్తారు, తప్పనిసరైతే ఆ భాగం కత్తిరిస్తారు. మందులన్నీ ఓడిపోయినప్పుడు, పేగుకి రంధ్రం పడినప్పుడు, నెత్తురు ఆడక పేగు నల్లబడుతుందనే అనుమానం వచ్చినప్పుడు ఇక ఆలస్యం చేయకూడదు. లేదంటే ఆ తొందర వద్దు. మత్తు, పొట్ట కోత వల్ల గట్టిగా దగ్గలేకపోవటం, కఫం పేరుకోవటం, ఇవన్నీ ఊపిరితిత్తులకి దెబ్బే. పైగా ఈ రోజు కోత రేపటి అతుకు, అంటే ఇంకో రకం అడ్డుకి విత్తనం. సర్జన్‌ని తొందరగా పిలవటం మంచిదే. పిలిచినంత మాత్రాన కోసేస్తారని భయపడొద్దు.

| | పీఈజీ | గాస్ట్రోగ్రాఫిన్ (నోటితో) | రేడియాలజీ ఎనిమా | ఆపరేషన్ |
|---|---|---|---|---|
| ఎవరికి | అసంపూర్ణ అడ్డు, వాంతి లేదు | అసంపూర్ణ అడ్డు, అంత తాగలేరు | పూర్తి అడ్డు, వాంతులు | మందులు ఫలించలేదు, లేదా పేగు ప్రమాదంలో ఉంది |
| తాగాల్సింది | లీటర్లు | సుమారు అర లీటరు | ఏమీ లేదు | ఏమీ లేదు |
| ఒంటి నీళ్ల మీద ప్రభావం | తక్కువ | ఎక్కువ | మధ్యస్థం, సెలైన్ కావాలి | సెలైన్ తప్పదు |
| ప్రధాన భయం | వికారం, ఉబ్బరం, వాంతి | బీపీ పడటం, ఊపిరితిత్తుల్లోకి పోవటం | పేగుకి రంధ్రం | ఊపిరితిత్తులు, అతుకులు |
| ఎక్కడ | ఎక్కువగా హాస్పిటల్, తేలికైతే ఇల్లు | హాస్పిటల్ మేలు | నిపుణుడున్న హాస్పిటల్ | ఆపరేషన్ థియేటర్ |

మీ పరిస్థితిని బట్టి

చిన్నపిల్లలకి, వాంతి లేకపోతే, నా మొగ్గు పీఈజీ వైపే. గొట్టం గుండా ఇచ్చినా సరే. పిల్లల ఒంట్లో నీళ్లు తరగటం పెద్దవాళ్ల కంటే త్వరగా జరుగుతుంది, కాబట్టి గాస్ట్రోగ్రాఫిన్ ఇస్తే చాలా దగ్గర నుంచి కనిపెట్టాలి. నొప్పి అలల్లా వచ్చి పోతూ, మధ్యలో పిల్లాడు సొమ్మసిల్లినట్టు ఉంటే పేగులో పేగు దూరిందేమో అల్ట్రాసౌండ్‌తో చూడమనండి.

సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో పాటు షుగర్ కూడా ఉంటే, తిండి ఆగిపోయిన రోజున మామూలు ఇన్సులిన్ మోతాదు వేసుకుంటే షుగర్ పడిపోతుంది. అలాగని పూర్తిగా మానేయకూడదు కూడా. మందుని జ్యూస్‌లో కలుపుతున్నారా నీళ్లలోనా అనేది కూడా షుగర్ లెక్కలోకి వస్తుంది. ఇన్సులిన్ ఎవరు సర్దుతారో మందు మొదలయ్యే ముందే అడగండి.

ఊపిరితిత్తుల మార్పిడి అయినవాళ్లది వేరే లెక్క. ఆపరేషన్ తర్వాత తొలి రోజుల్లోనే డీఐఓఎస్ రావటం ఎక్కువ. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందులు పేగుని మందగింపజేస్తాయి, కదలిక ఉండదు, నీళ్లూ తక్కువ. అందుకే అడ్డుపడేదాకా ఆగకుండా ముందే పీఈజీ మొదలుపెట్టే సెంటర్లు ఉన్నాయి. కొత్త ఊపిరితిత్తుల్ని ఒళ్లు తిరస్కరించకుండా వీళ్లు వాడే టాక్రోలిమస్ కిడ్నీల మీద ఒత్తిడి తెచ్చే మందు. ఒంట్లో నీళ్లు తగ్గితే ఆ ఒత్తిడి రెట్టింపవుతుంది. పేగు సరిగా లేకపోతే రక్తంలో ఆ మందు స్థాయి కూడా మారుతుంది. కాబట్టి వీళ్లకి గాస్ట్రోగ్రాఫిన్ కంటే పీఈజీ సురక్షితంగా తోస్తుంది. ఏది ఇచ్చినా ఆ రోజుల్లో టాక్రోలిమస్ స్థాయి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపేది) పరీక్షలు చేయించాలి.

ఇంతకుముందు పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, ముఖ్యంగా పుట్టగానే మెకోనియం ఇలియస్‌కి కోత పడినవాళ్లు, ఆ సంగతి ప్రతిసారీ మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందటి మచ్చ అని వదిలేయొద్దు. అతుకుల వల్ల వచ్చిన అడ్డు మీద పీఈజీ లీటర్లు పోస్తే మేలు కంటే కీడే ఎక్కువ. వీళ్లకి సీటీ స్కాన్ తొందరగా చేయించటం న్యాయం.

మళ్లీ రాకుండా: ఇక్కడా ఎంపికలు ఉన్నాయి

ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఈ భాగం ముఖ్యమైనదే. అయినా డిశ్చార్జ్ రోజున దీని గురించి ఎవరూ అయిదు నిమిషాలు కూడా మాట్లాడరు.

రోజువారీ పీఈజీ మొదటి ఎంపిక. కిలో బరువుకి రోజుకి 0.5 నుంచి 1 గ్రాము, గరిష్ఠంగా 40 గ్రాములు, 6 నెలల నుంచి ఏడాది దాకా. 30 కిలోల పిల్లకి అది 15 నుంచి 30 గ్రాములు. మోతాదు సరిపోయిందా అని చూసుకోవటానికి మోషన్ తీరే కొలబద్ద. లాక్టులోజ్ కూడా నీటిని లాగేదే కానీ పేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తుంది. ఉబ్బరం ఉన్నవాడికి ఇంకా ఉబ్బరం, పైగా ఆ ఉబ్బరం అడ్డు వల్లో మందు వల్లో తెలియదు. సెన్నా, బిసకోడిల్ లాంటి పేగుని పిండే మందులు కుడివైపు ముద్ద ఉందన్న అనుమానం ఉన్నంతవరకు ముట్టుకోవద్దు. పీచు పొడి నీళ్లు తక్కువైతే ముద్దకి ఇంకాస్త ముద్ద కలుపుతుంది. నేను చేసిన పని అదే.

కొవ్వు అరగటానికి తిండితో పాటు వేసుకునే ఎంజైముల విషయంలో రెండు వైపులా పొరపాట్లు జరుగుతాయి. తిన్నప్పుడల్లా వేసుకోకపోవటం ఒకటి. అడ్డుపడిందని సొంతంగా మోతాదు పెంచేయటం ఇంకొకటి. 1990లలో అధిక శక్తి ఎంజైములు పెద్ద మోతాదుల్లో వాడిన పిల్లల్లో పెద్దపేగు గోడ మందమై ఇరుకైపోవటం 1994లో బయటపడింది. అందుకే లైపేజ్ (కొవ్వుని అరిగించే ఎంజైము) రోజుకి కిలో బరువుకి 10,000 యూనిట్లు దాటకూడదనే హద్దు పెట్టారు. డైటీషియన్‌తో కూర్చుని కొవ్వు లెక్క వేసి సర్దుకోవటమే దారి.

నీళ్లు, ఉప్పు సంగతి అందరికీ తెలిసిందే, జ్వరం వచ్చినప్పుడు, ఎండలో తిరిగినప్పుడు, బాగా చెమట పట్టినప్పుడు మరిచిపోయేదీ అదే. వాళ్ల చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది.

2012 నుంచి ఒక్కొక్కటిగా వచ్చిన సీఎఫ్‌టీఆర్ మాడ్యులేటర్లు పాడైన ప్రొటీన్‌నే కొంత పనిచేయిస్తాయి. అవి వాడుతుంటే పేగు సంగతి మరిచిపోవచ్చని కొందరు అనుకుంటారు. అలా కాదు. వాడుతున్నవాళ్లలోనూ అడ్డు రావచ్చు, కాబట్టి మాడ్యులేటర్ మొదలుపెట్టామని పీఈజీని సొంతంగా మానేయొద్దు. పేగు కదలిక పెంచటానికి ఒకప్పుడు సిసాప్రైడ్ ఇచ్చేవారు, గుండె లయ తప్పిస్తోందని 2000లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. పాత చీటీలో కనిపిస్తే వాడొద్దు.

రెండోసారి హాస్పిటల్ నుంచి వచ్చాక మా తమ్ముడు డాక్టర్‌ని అడిగి ఒక కాగితం రాయించుకున్నాడు. నొప్పి మొదలైతే పీఈజీ ఎంత, ఎన్ని గంటలు, ఎప్పటికి తగ్గకపోతే రావాలి, ఎవరికి ఫోన్ చేయాలి, పొట్ట ఆపరేషన్ ఎప్పుడైనా అయిందా, ఏ మందులు పడవు, అన్నీ అందులో ఉన్నాయి. ఫోటో తీసి ఫోన్లో పెట్టుకున్నాడు, నాకూ పంపాడు. అడుగున ఒక్క లైను మాత్రం వాడి చేతిరాత: "పసరు వాంతి అయితే గ్లాసు కింద పెట్టు, హాస్పిటల్‌కి బయల్దేరు, అక్కకి దారిలో చెప్పొచ్చు."